అల్పపీడనాన్ని దాటుకుంటూ డెన్వర్‌కి

అమెరికా వాతావరణ శాఖ దేశం మొత్తానికి ఇచ్చే సూచనలో ఏప్రిల్ వచ్చిందంటే తరచూ ఇవే కనిపిస్తాయి: మైదానాల్లో తీవ్రమైన గాలివానలు, దక్షిణాన భారీ వర్షాలు, కొండల మీద మంచు. మూడూ ఎక్కడెక్కడో విడివిడిగా జరిగేవనుకుంటాం. అమ్మానాన్నలతో డాలస్ నుంచి డెన్వర్‌లో ఒక పెళ్ళికి కారులో వెళ్ళినప్పుడు, ఆ మూడూ ఒకే అల్పపీడనం చేసే పనులని దారి పొడవునా చూశాం.

ముందురోజు రాత్రి, తీవ్రమైన గాలివానల ప్రమాదాన్ని ముందుగా చెప్పే స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ మ్యాప్ తెరిచాను. ఓక్లహోమాలోని నార్మన్‌లో ఉంటుంది ఆ కేంద్రం. ప్రమాదాన్ని ఐదు మెట్లుగా చెబుతారు: మార్జినల్, స్లైట్, ఎన్‌హాన్స్‌డ్, మోడరేట్, హై. మా దారిలోని విచిటా ఫాల్స్ మీద మూడో మెట్టు, నారింజ రంగు. మధ్య మెట్టే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. అంగుళం సైజు వడగళ్ళు, గంటకు 58 మైళ్ళ గాలి, టోర్నడో, వీటిలో ఏదో ఒకటి ఉంటేనే వాళ్ళు గాలివానను 'తీవ్రం' అంటారు. 1979 ఏప్రిల్ 10న ఆ విచిటా ఫాల్స్‌లోనే టోర్నడోకి 40 మందికి పైగా చనిపోయారు.

నాన్న నూజివీడు దగ్గర మామిడి రైతు. మ్యాప్ చూపిస్తే ఒక్కటే అడిగారు. "ఎన్నింటికి పడతాయిరా వడగళ్ళు?"

అడగాల్సింది అదే. రంగు ఎక్కడుందో అందరూ చూస్తారు. ఎప్పుడన్నది మాత్రం మ్యాప్‌తో పాటు ఇచ్చే వివరణలో ఉంటుంది, దాన్ని చదివేవాళ్ళు తక్కువ. అందులో మధ్యాహ్నం తర్వాతే మొదలవుతాయని రాశారు.

"అయితే తెల్లారకముందే బయల్దేరదాం" అన్నారు నాన్న.

విచిటా ఫాల్స్‌లో టీ కోసం ఆగేసరికి ఒళ్ళంతా జిగట. దక్షిణం నుంచి బలంగా గాలి. "మచిలీపట్నం గాలిలా ఉందిరా" అంది అమ్మ. నిజమే, అది వందల మైళ్ళ అవతలి మెక్సికో సింధుశాఖ తీరం నుంచి తేమ మోసుకొస్తున్న గాలి. చిల్డ్రెస్ దాటి అమరిల్లో వైపు వెళ్తుంటే ఆ జిగట ఒక్కసారిగా పోయింది. పెదవులు ఎండిపోయాయి, రోడ్డుకు అడ్డంగా దుమ్ము లేచింది. తడిగాలికీ పొడిగాలికీ మధ్య హద్దు అది, డ్రై లైన్ అంటారు. గాలివానలు చాలాసార్లు ఆ గీత దగ్గరే పుట్టి తూర్పుకు కదులుతాయి. పుట్టకముందే మేం దాని పడమటి వైపుకు వచ్చేశాం.

న్యూ మెక్సికోలో అడుగుపెడితే గడియారం గంట వెనక్కి. కపూలిన్ అగ్నిపర్వతం మబ్బులో సగం మునిగి ఉంది. వాన మొదలై, రేటన్ ఊరు చేరేసరికి మంచుగా మారింది. కనుమ ఎక్కకుండా అక్కడే లాడ్జిలో దిగాం. చీకట్లో, మంచులో, పెద్దవాళ్ళతో కొండ ఎక్కాల్సినంత తొందర ఏ పెళ్ళికీ ఉండదని నా నమ్మకం.

గదిలోకి వెళ్ళి ఫోన్ చూస్తే, పొద్దున మేం దాటొచ్చిన కౌంటీలకు టోర్నడో వాచ్ ఇచ్చారు. డాలస్‌లో ఏళ్ళ తరబడి ఉంటున్న మనవాళ్ళు కూడా వాచ్‌నీ వార్నింగ్‌నీ ఒకటే అనుకోవడం చూస్తే నాకు భయమేస్తుంది. వాచ్ అంటే పరిస్థితులు అనుకూలంగా ఉన్నాయి, సిద్ధంగా ఉండండని. వార్నింగ్ అంటే రాడార్‌లో కనబడింది, లేదా ఎవరో కళ్ళతో చూశారని. అప్పుడిక బాల్కనీలోకి వెళ్ళి వీడియో తీయడం కాదు, కింది అంతస్తులో కిటికీలు లేని లోపలి గదిలోకి వెళ్ళాలి.

నాన్నకి మ్యాప్‌లో ఆగ్నేయ కొలరాడో మీదున్న ఎర్రటి 'ఎల్' అక్షరం, అంటే అల్పపీడనం గుర్తు, చూపించాను.

"సముద్రం లేకుండా అల్పపీడనమేంట్రా?"

పడమటి గాలులు రాకీ పర్వతాలు దాటి తూర్పు వైపు దిగేచోట ఇలా ఏర్పడుతుందని చెప్పాను. గాలి దాని చుట్టూ గడియారం ముళ్ళకు ఎదురుదిశలో తిరుగుతుంది. తూర్పున తేమను పైకి లాగి గాలివానలు లేపుతుంది. ఉత్తరాన అదే తేమను కొండవాలు మీదకు నెట్టి, చలిలో మంచుగా కురిపిస్తుంది. నాన్న వేలితో మ్యాప్ మీద సున్నా చుట్టి, "మన బంగాళాఖాతంలో తిరిగినట్టే తిరుగుతుందన్నమాట" అన్నారు.

తెల్లారాక మంచు తీసే బండ్లు వెళ్ళేదాకా ఆగి, వాటి వెనకే 7,834 అడుగుల రేటన్ కనుమ దాటాం. అమ్మ అంత మంచు చూడటం అదే మొదలు, ట్రినిడాడ్ దాకా మాట్లాడలేదు. ప్యూబ్లో తర్వాత రోడ్డు తడిగా ఉందంతే.

డెన్వర్ చేరి మళ్ళీ సూచన చూశాను. నారింజ రంగు పోయింది కానీ, భారీ వర్షం ఆర్కన్సా మీదుగా మెంఫిస్ వైపు జరిగింది. మెంఫిస్‌లో మా పిన్ని కొడుకు ఉంటాడు. వాడికి ఫోన్ చేసి, నీళ్ళు నిలిచిన రోడ్డులోకి కారు దించొద్దని, అడుగు లోతు నీరు చాలు చాలా కార్లు తేలిపోవడానికని చెప్పాను. "రోజూ వెళ్ళే అండర్‌పాస్ పల్లంలోనే ఉంది అన్నయ్యా" అన్నాడు. ఆ రోజుకి ఇంటి నుంచే పని చేస్తానని మేనేజర్‌కి మెసేజ్ పెట్టాడు.