మూఢం వస్తే మా స్టడీ హాల్‌కు పండగే

సర్కారు నోటిఫికేషన్ పడ్డదంటే మా కాజీపేట గల్లీలో ముందు తెలిసేది నాకే. నాది జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల దుకాణం. క్యాస్ట్ సర్టిఫికెట్ స్కాన్ చేయమనేవాళ్లు, ఫొటో సైజు తగ్గించమనేవాళ్లు, ఓటీపీ రాలేదని టెన్షన్ పడేవాళ్లు పొద్దున షట్టర్ ఎత్తేసరికే నిలబడి ఉంటారు. 2022 ఏప్రిల్‌లో పోలీసు నోటిఫికేషన్ వచ్చినప్పుడు కానిస్టేబుల్ పోస్టుకు ఫీజు ఓసీ, బీసీలకు 800, ఎస్సీ, ఎస్టీలకు 400. "అక్కా, సగం ఇప్పుడు కడత, సగం మా నాయినకు పైసలు వచ్చినంక" అన్న పిల్లలు ఉన్నారు. సరే, ఫీజు కట్టారు. చదివేది ఎక్కడ? ఇక్కడ చాలా ఇళ్లు రెండు గదులవి. ఒక గదిలో టీవీ, ఇంకో గదిలో మంచం పట్టిన నాయనమ్మ. నయీంనగర్, కిషన్‌పుర వైపు ప్రైవేటు రీడింగ్ రూములు బోలెడు. వాటికి నెలనెలా కట్టాలి, ఆటో ఖర్చు వేరే.

మా వాడకు గుడి, మసీదు, చర్చి మూడూ కూతవేటు దూరంలోనే. కాజీపేటలో అదేమంత వింత కాదు. ఒక దిక్కు దర్గా, ఒక దిక్కు ఫాతిమానగర్ కెథెడ్రల్, నడుమ రైల్వే జంక్షన్. ఉర్సు రోజుల్లో దర్గాకు వెళ్లని ఇల్లు మా వాడలో తక్కువ. క్రిస్మస్‌కు కేకు, సంక్రాంతికి సకినాలు గోడ దాటి వెళ్తూనే ఉంటాయి. అయితే పండక్కి ప్లేటు పంపినంత తేలిక కాదు, నెలనెలా కరెంటు బిల్లు పంచుకోవడం. నేను రాయబోయేది ఆ బిల్లు సంగతి, మూడూ కలిసి నడిపే మా స్టడీ హాల్ సంగతి.

మొదలైంది మాత్రం వరదతో. 2023 జూలై 27న వరంగల్ ఎలా మునిగిందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని వాగు ముంచేసి, జనాన్ని హెలికాప్టర్లతో తీయాల్సి వచ్చిందని ఫోన్లలో వీడియోలు. ఆ వారమే పీర్ల పండుగ కూడా. గుడిలో అన్నదానం గిన్నెలున్నాయి, మసీదులో పెద్ద దేగ్‌లున్నాయి, చర్చికి రేకుల షెడ్డు ఉంది. ఏం వండాలన్న దగ్గర కాసేపు వాదన నడిచింది. పులిహోర అన్నారు, కిచిడీ అన్నారు. చివరికి మాంసం లేకుండా బగారా అన్నం, ఆనిగెపుకాయ ముక్కలేసిన దాల్చా. దాన్ని కాదనే తెలంగాణ మనిషి ఎవరు? నీళ్లు తగ్గాక గిన్నెలు ఎవరివి వాళ్లకు చేరాయి, ఫోన్ నంబర్లు మాత్రం మిగిలిపోయాయి.

ఆ నంబర్లు పట్టుకుని, పిల్లలు చదువుకోవడానికి ఒక గది చూద్దామని నేనే కదిలించాను. చర్చి వెనకాల సండే స్కూల్ గది ఉంది, ఆదివారం తప్ప మిగతా రోజులు ఖాళీ. పాస్టర్ గారిని అడిగితే ఆలోచించకుండానే సరే అన్నారు. అడ్డం పడింది మిగతావాళ్లు. చదువు పేరుతో మతం మారుస్తారేమో అని గుడి కమిటీలో ఒక పెద్దమనిషి. ఆడపిల్లలు, మగపిల్లలు ఒక్క గదిలో ఎట్లా అని మసీదులో కొందరు. గది పాడు చేస్తే ఎవరు బాధ్యులు అని చర్చిలోనే సంఘ పెద్దలు. వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా ఏమేమో తిరిగాయి, అవి ఇక్కడ రాయను.

ఆ గది గోడ మీద పెద్ద అక్షరాలతో బైబిల్ వాక్యం రాసి ఉంది. దాని మీద సున్నం వేయించాలని ఒకరు, గుడ్డ కట్టాలని ఒకరు. పాస్టర్ గారి ముఖం చిన్నబోయింది. అప్పుడు గుడి కమిటీ వాళ్ల ఇంటి అమ్మాయే, గ్రూప్స్‌కు చదువుతోంది, లేచి "అంకుల్, ఆ గోడకు ప్లగ్ పాయింట్ ఉందా లేదా చెప్పండి. ఫోన్ చార్జింగ్ లేకుంటే టెస్ట్ సిరీస్ రాసుడెట్ల?" అంది. ప్లగ్ పాయింట్ లేదు. మర్నాడే వైరింగ్ పనికి మనిషిని పిలిచారు. వాక్యం ఇప్పటికీ అక్కడే ఉంది, దాని కింద స్విచ్ బోర్డు, దాని పక్కన తెలంగాణ జిల్లాల మ్యాపు.

ఆదివారం పొద్దున చర్చి పిల్లలకు గది కావాలి కాబట్టి మావాళ్లు గుడి కల్యాణ మండపానికి మారాలి. ముహూర్తాలుంటే మండపం దొరకదు. వంటవాళ్ల పొయ్యిల పక్కన కూర్చుని రీజనింగ్ చేసిన ఆదివారాలున్నాయి. అందుకే మా పిల్లలు పంచాంగం బాగా చూస్తారు. 2024 ఎండాకాలంలో గురు మూఢం, శుక్ర మూఢం కలిసొచ్చి పెళ్లిళ్లు ఆగిపోయాయి. ఫంక్షన్ హాళ్ల వాళ్లు తలలు పట్టుకుంటే మావాళ్లు సంబరపడ్డారు. సరిగ్గా టీచర్ పోస్టుల డీఎస్సీకి చదివే రోజులవి, జూలై 18 నుంచి పరీక్షలు.

ఆ డీఎస్సీ రోజుల్లోనే మా గుడి అయ్యగారు పనిలోకి దిగారు. తెలుగు భాషా పండితుల పోస్టుకు చదివేవాళ్లు నలుగురైదుగురు ఉంటే, సాయంత్రం హారతి కాగానే వచ్చి ఛందస్సు చెప్పేవారు. చర్చి గదిలో అడుగుపెట్టడానికి మొదట్లో మొహమాటపడి గుమ్మం దగ్గరే స్టూలు వేసుకున్నారు. రెండు వానలు పడ్డాక స్టూలు లోపలికి జరిగింది. బురఖా వేసుకున్న అమ్మాయి ఒకతె ఉత్పలమాల గణాలు భ, ర, న, భ, భ, ర, వ అని వేళ్ల మీద లెక్కపెట్టి, యతి పదో అక్షరమని గబుక్కున చెప్పేస్తే అయ్యగారి ఆనందం చూడాలి. "ఈ బిడ్డకు ఒక్కసారి చెప్తే చాలు" అని ఊరంతా చెప్పుకున్నారు.

పైసల విషయంలో నేను ఎక్కువ నేర్చుకున్నది మసీదు కమిటీ పెద్ద సదర్ సాబ్ దగ్గర. ఏడాది నిలవున్న సొమ్ములో రెండున్నర శాతం తీసే జకాత్ ఉంటుంది కదా, అందులోంచి పిల్లలందరి ఫీజులూ కట్టొచ్చు కదా అని అడిగాను. "బేటీ, జకాత్ అమానత్, మనకు అప్పగించిన సొమ్ము. ఎవరికి చెందాల్నో వాళ్లకే ఇయ్యాలె. మిగతా పిల్లలకు సదఖాల నుంచి, అంటే ఎవరికైనా ఇచ్చే దానం నుంచి ఇస్త. హిసాబ్ రెండు రాయి" అన్నారు. అందుకని నా దగ్గర రెండు కవర్లు, రెండు పేజీలు. చర్చి ఆడవాళ్లు వంట చేసేటప్పుడల్లా తీసి పక్కన పెట్టే గుప్పెడు బియ్యం నెలాఖరుకు ఒక బస్తా దాకా అవుతుంది. రాత్రి దాకా కూర్చునేవాళ్లకు గుడి వంటశాలలో అదే వండుతారు. మూడు చోట్లా దానం చేసే పద్ధతి వేరు. అన్నింటినీ కలిపి ఒకే ఫండ్ చేద్దామని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. కలిపితే మొదటి నెలలోనే కొట్లాట వస్తుంది. ఎవరి లెక్క వాళ్లకు ఉండనిస్తేనే చేయి ధారాళంగా వస్తుందని నా అనుభవం.

2025లో అసలు పరీక్ష ఎదురైంది. ఫిబ్రవరి 26న శివరాత్రి, మార్చి 2న రంజాన్ మొదలు, 5న భస్మ బుధవారం. ఇక చర్చివాళ్లకు నలభై రోజుల ఉపవాసాలు. మార్చి 21 నుంచి పదో తరగతి పరీక్షలు, ఏప్రిల్ 6న శ్రీరామనవమి. మూడు ఇళ్లలోనూ ఉపవాసాలే, మైకులే. పాస్టర్ గారు సాయంత్రం కూడికల సౌండ్ తగ్గించారు. గుడి కమిటీ నవమి పాటల స్పీకర్లను వీధి అవతలికి తిప్పింది. పదో తరగతి తురక పిల్లలు రోజాలో ఉండి మధ్యాహ్నం నీరసపడతారని వాళ్ల చదువు రాత్రి తరావీ నమాజు అయ్యాక, మళ్లీ తెల్లవారుజామున తినే సహర్‌కు ముందు పెట్టుకున్నాం. వేళ కాని వేళ గది తీయాలంటే తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలన్నది పెద్ద చర్చ. చివరికి మసీదులో అజాన్ ఇచ్చే మౌజన్ సాబ్ దగ్గర పెట్టాం, ఎట్లాగూ అందరికంటే ముందు లేచేది ఆయనే. పోలీసు ఈవెంట్స్‌కు తయారయ్యేవాళ్లకూ ఆయనే అలారం. మగవాళ్లకు 1600 మీటర్లు, ఆడవాళ్లకు 800 మీటర్లు పరుగు కదా, ఎండ ఎక్కకముందే గ్రౌండ్‌కు చేరాలి. ఫజర్ అజాన్ అవగానే మౌజన్ సాబ్ ఒక్కొక్కరికీ మిస్డ్ కాల్ ఇస్తారు. తిరిగి కాల్ చేయకపోతే తిడతారు, అదీ ఉర్దూలో.

ఫ్లెక్సీ గొడవ ఒకటి చెప్పాలి. సంగతి బయటికి పొక్కాక ఒక లీడర్ కుర్చీలు ఇస్తానని వచ్చాడు. కుర్చీలకంటే ముందు ఫ్లెక్సీ వచ్చింది. నడుమ ఆయన నిలువెత్తు ఫొటో, కింద బొట్టుబిళ్లలంత గుడి, మసీదు, చర్చి. కట్టనివ్వలేదు, కుర్చీలూ రాలేదు. పిల్లలు ఇప్పటికీ చాపల మీదే కూర్చుంటున్నారు, నడుములు నొప్పి అంటున్నారు. అయినా మంచి పనే చేశామనుకుంటున్నా. సర్వమత సభలూ, స్టేజీ మీద చేతులు కలిపి ఎత్తే ఫొటోలూ చాలా చూశాను. సభ అయ్యాక షామియానా విప్పేటప్పుడు అక్కడ ఎవరూ ఉండరు.

అన్నీ సర్దుకున్నాయని అనుకోకండి. ఆడపిల్లల టైము ఇంకా తెగలేదు. మొదట్లో వాళ్లకు రాత్రి 8 వరకే. అబ్బాయిలు పన్నెండు దాకా కూర్చుంటే మేం మాత్రం ఎనిమిదికి ఇంటికెళ్లి గిన్నెలు తోమాలా అని అడిగారు. 10 దాకా కావాలన్నారు. దేని మీదా ఒక్క మాట మీదికి రాని ముగ్గురు పెద్దలు దీని మీద మాత్రం చిటికెలో ఏకమయ్యారు. కుదరదు అన్నారు. నాకు ఒళ్లు మండింది. పాస్టరమ్మ గారు, నేను, ఇంకో ఇద్దరు తల్లులు వంతులు వేసుకుని గదిలో కూర్చుంటామని చెప్పి 9.30 దాకా సాధించాం. నా వంతు రోజు షాపు రసీదులు అక్కడే సరిచూసుకుంటాను. మిగిలిన ఆ అరగంట కోసం వచ్చే మీటింగ్‌లో మళ్లీ అడుగుతామని అమ్మాయిలు చెప్పేశారు. ఈసారి అర్జీ రాసి సంతకాలు చేసి మూడు కాపీలు జిరాక్స్ తీయించుకున్నారు. నేను డబ్బులు తీసుకోలేదు.