మాచ్‌ఖండ్ కరెంటు ముందు ఎవరికి వచ్చింది?

మా తాతయ్య తరంవాళ్లకి కరెంటంటే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రమే. విజయనగరం జిల్లాలో పెద్ద పవర్ స్టేషన్ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఒడిశా సరిహద్దులో జలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టి, డుడుమ జలపాతం దగ్గర ఆ నీళ్లని గొట్టాల్లోంచి కిందికి దూకించి టర్బైన్లు తిప్పారు. 1946లో మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు ఒప్పందం చేసుకుంటే, మొదటి యంత్రం తిరిగేసరికి 1955 వచ్చింది, అప్పటికి మద్రాసు పోయి ఆంధ్ర రాష్ట్రం వచ్చేసింది. ఆరు యంత్రాలూ కలిపి 120 మెగావాట్లు. పరవాడలోని సింహాద్రి థర్మల్ కేంద్రంలో ఒక్క యంత్రమే 500 మెగావాట్లు, అది వేరే సంగతి.

ఆ కరెంటుతో ముందు మా ఊళ్లలో దీపాలు వెలిగాయనుకుంటాం గానీ, అసలు కథ గరివిడిలో ఉంది. ఈ చుట్టుపక్కల మాంగనీసు 1890ల నుంచీ తవ్వుతున్నారు, కానీ ఖనిజం ఖనిజంగానే ఓడలెక్కిపోయేది. మాచ్‌ఖండ్ వచ్చాకే గరివిడిలో ఫేకర్ (ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్) కంపెనీ ఫర్నేసులు, అంటే ఖనిజం కరిగించే కొలుములు, పెట్టారు. అక్కడ కరెంటు కూడా ముడిసరుకే: ఖనిజం, కోకు కలిపి పోసిన రాశిలోకి లావుపాటి కార్బన్ ఎలక్ట్రోడులు దింపి కరెంటు వదిలితే, ఆ వేడికి కరిగి ఫెర్రోమాంగనీస్ (ఉక్కు తయారీలో వాడే ఇనుము-మాంగనీసు మిశ్రలోహం) అడుక్కి దిగుతుంది. టన్నుకి ఎంత లేదన్నా 2,500 యూనిట్లు తాగుతుంది, నెలకి 100 యూనిట్లు కాల్చే ఇంటికైతే అవి రెండేళ్లు వస్తాయి. అందుకే టారిఫ్ పెరిగినప్పుడల్లా మనకి బిల్లు టెన్షన్ అయితే, బొబ్బిలిలో ఉన్న ఇలాంటి ఫ్యాక్టరీల్లో ఏకంగా ఫర్నేసులే ఆగిపోతాయి.

పల్లెల వంతు తర్వాతే. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టాక చీపురుపల్లిలో సహకార సంఘం పెట్టారు. హోల్‌సేల్‌గా కరెంటు కొని, సొంత లైన్ల మీద ఊళ్లకిచ్చి, బిల్లులు తనే వసూలు చేసుకునే పద్ధతి. మా అమ్మమ్మ చివరిదాకా "సొసైటీ బిల్లు" అనే అనేది.

జలాపుట్ కింద మునిగిన ఆదివాసీ ఊళ్ల లెక్క మాత్రం ఈ కథలో ఎవరూ చెప్పరు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి నేలల జనం బహుశా అది చూసే జాగ్రత్తపడ్డారేమో, 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు వద్దని తిరగబడ్డారు, 2010 జులై 14న కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, ప్లాంటు రాలేదు. "మరి వాళ్లకి కరెంటు అక్కర్లేదా" అంటాడు మా శ్రీకాకుళం బావ. జలాపుట్‌లో మునిగినవాళ్లకి ముందు వచ్చిందేమో కనుక్కుని చెప్పు బావా, అంటాను.