కుడివైపు కప్పు: మిలాన్‌లో ఒక పాత రేసు సైకిలుతో నా అనుభవం

పాత ఇటలీ రేసు సైకిలు బాగుచేయించుకోవాలనుకునే వారికి అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఒకటుంది. పెడల్ ఇరుసు దగ్గరి కుడివైపు కప్పు, అంటే ఇరుసు గుండ్లను పట్టి ఉంచుతూ ఫ్రేములోకి మరతో బిగిసే గిన్నె లాంటి ముక్క, ఎటు తిప్పితే ఊడుతుందో అడగండి. తడుముకోకుండా జవాబు చెప్పలేని దుకాణంలో సైకిలు వదిలిపెట్టి రావద్దు. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను. ఆ కోపానికి కారణమైన బిల్లు ఇంకా నా బల్ల మీదే ఉంది.

మేముండే పాత భవనంలో ఒక పెద్దావిడ తన నేలమాళిగ ఖాళీ చేయిస్తుంటే బయటపడిన సైకిలు ఇది. 150 యూరోలకు నాకు ఇచ్చేసింది. స్టిక్కర్లన్నీ ఊడిపోయి ఉండటంతో ఎవరు కట్టిన ఫ్రేమో పేరు తెలియలేదు కాని, ఆనవాళ్ళకు మాత్రం కొదవ లేదు. వెనక చక్రం కూర్చునే కొక్కేల మీద కాంపాన్యోలో ముద్ర ఉంది. గొలుసును ఒక గీరు నుంచి ఇంకో గీరుకు జరిపే అదే కంపెనీ న్యువో రికార్డ్ డిరైలర్ మీద పేటెంట్ 79 అని చెక్కి ఉంది కనుక సైకిలు ఏ కాలానిదో స్థూలంగా తేలింది. సీటు కడ్డీ వ్యాసం 27.2 మిల్లీమీటర్లు. ఈ అంకె చిన్నది కాదు. సీటు గొట్టం బయటి వ్యాసం 28.6 అయి, పైకొసన గోడ మందం 0.6 మాత్రమే ఉన్నప్పుడే అంత లావు కడ్డీ లోపలికి దిగుతుంది. 1919లో ఈ మిలాన్‌లోనే మొదలైన కొలంబస్ వారి ఎస్ఎల్ రకం గొట్టాల లెక్క సరిగ్గా ఇదే. చవకరకం ఉక్కు గొట్టమైతే గోడ మందంగా ఉండి, కడ్డీ ఇంకా సన్నగా పట్టేది. కడ్డీ తీసి వెర్నియర్ కాలిపర్ పెట్టి చూస్తే తెలిసిపోయే ఈ సంగతి వదిలేసి, రంగు చూసి, పేరు చూసి వందల యూరోలు పోసేవాళ్ళను ఇక్కడ చాలామందిని చూశాను.

తేలికైన పనులు తేలికగానే అయిపోయాయి. క్రోమ్ మీది తుప్పును తడిపిన అల్యూమినియం రేకుతో రుద్దితే పోయింది. చక్రాల హబ్బులు విప్పి, కిరోసిన్‌తో కడిగి, కొత్త గుండ్లు వేసి, గ్రీజు పట్టించాను. రిమ్ముల బెండు నేనే తీశాను. చిన్నప్పుడు అద్దె సైకిళ్ళ షాపు ముందు కూర్చుని నేర్చుకున్న ఆ విద్యలో ఇప్పటికీ నాకు తిరుగులేదని గర్వంగానే చెప్పుకుంటాను. బ్రేకు రబ్బర్లు, కేబుళ్ళు కొత్తవి వేశాను. రిమ్ముకు జిగురుతో అంటించే టబ్యులర్ టైర్లు ఓపికకు పరీక్షే అయినా, పొర పొరకూ ఆరనిస్తే గట్టిగానే పట్టుకుంటాయి. రంగు జోలికి మాత్రం పోలేదు. పాత రంగంతా గీకించి, అద్దంలా మెరిసే కొత్త రంగు వేయించి, దానికి పునరుద్ధరణ అని పేరు పెట్టేవారంటే నాకు చిరాకు.

ఇక మిగిలింది పెడల్ ఇరుసు. పెడళ్ళను మోసే క్రాంకులు ఊడదీసే పరికరం నా దగ్గర ఉంది కనుక అవి వచ్చేశాయి. ఎడమవైపు లాక్ రింగు, దాని కప్పు కూడా వచ్చాయి. ఇరుసు బయటికి లాగి చూస్తే కుడివైపు కప్పు లోపలి గాడి అంతా మశూచి మచ్చల్లా గుంటలు పడి ఉంది. అది మార్చక తప్పదు. దాని రెండు పక్కలా ఉండేవి సన్నని చదును అంచులు. వాటి మీద జారకుండా పట్టే వెడల్పాటి పానా నా దగ్గర లేదు. అందుకని పెద్ద వీధిలో గాజు తలుపులున్న సైకిళ్ళ దుకాణానికి తీసుకువెళ్ళాను.

కౌంటరులో ఉన్న యువకుడు ముందుగా నా సైకిలును కాక నన్ను ఎగాదిగా చూశాడు. ఈ డబ్బుతో కొత్త కార్బన్ సైకిలుకు తొలి వాయిదా కట్టవచ్చని సలహా ఇచ్చాడు. అక్కరలేదన్నాక సైకిలును స్టాండుకు ఎక్కించి, పానా తగిలించి, గడియారం ముల్లు తిరిగే దిక్కున నెట్టడం మొదలుపెట్టాడు. నేను ఆపి, ఇది ఇటలీ మర, రెండు వైపులా కుడిమరే, అటు తిప్పితే ఇంకా బిగుస్తుందని చెప్పాను. కప్పు మీద 36 × 24 అని చెక్కి ఉన్న ఇటలీ కొలత అంకెలను వేలితో చూపించాను. ఇరుసు కూర్చునే ఫ్రేము గూడు వెడల్పు 70 మిల్లీమీటర్లు ఉందని, ఇంగ్లీషు కొలతైతే 68 ఉండేదని కూడా చెప్పాను. అతను వరుసలో నిలబడ్డ వాళ్ళందరికీ వినబడేలా, చెవిటివాడితో మాట్లాడుతున్నట్టు ఒక్కొక్క మాటా విడదీసి, "కుడివైపు ఎప్పుడూ ఎడమమరే ఉంటుంది. మీ దేశంలో సైకిళ్ళకు ఇవన్నీ ఉంటాయా?" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. తరువాత పానాకు ఒక పొడుగాటి గొట్టం తొడిగి, అదే దిక్కున బరువంతా వేశాడు. పానా జారి కప్పు అంచు గుండ్రంగా అరిగిపోయింది. అప్పుడు స్టాండు దించి, ఇది ఊడదని తేల్చి, ప్రయత్నించినందుకు కూలి అని 40 యూరోల బిల్లు చేతిలో పెట్టాడు. సైకిలు కౌంటరు అవతల ఉండటం వల్ల కట్టి తెచ్చుకున్నాను. మా ఊళ్ళో కాటర్ పిన్ను సుత్తితో కొట్టి తీసే పదేళ్ళ కుర్రాడు కూడా, కొట్టేముందు ఏ కొసన కొట్టాలో ఒకసారి వంగి చూసుకుంటాడు.

అసలు విషయం తెలుసుకుంటే ఆ యువకుడి పొరపాటు ఎంత పెద్దదో అర్థమవుతుంది. తొక్కుతున్నప్పుడు కుడి క్రాంకు గడియారం దిక్కున తిరుగుతుంటే, గుండ్ల ఒత్తిడికి కప్పు మాత్రం దానికి ఎదురు దిక్కున మెల్లమెల్లగా జరగాలని చూస్తుంది. ఇంగ్లీషు పద్ధతిలో అటు ఎడమమర పెట్టింది అందుకే. ఆ జరుగుడుకు కప్పు ఊడదు, బిగుస్తుంది. ఇటలీ వారు రెండు వైపులా కుడిమరే ఉంచారు. కాబట్టి వారి కుడి కప్పు వదులయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, అందువల్ల పాతకాలపు పనివారు దాన్ని ఒంట్లో బలమంతా పెట్టి బిగించేవారు. దశాబ్దాల కింద అలా బిగించిన కప్పును ఇతను ఇంకా బిగించాడన్న మాట.

కాలువల పక్కన ఒక పాత భవనం లోపలి పెరట్లో ఉదయం పూట మాత్రమే పని చేసే ముసలి మెకానిక్ ఉన్నాడని ఆఫీసులో ఒకాయన చెబితే వెళ్ళాను. గోడ మీద పానాలు పెద్దా చిన్నా వరుసలో వేలాడుతున్నాయి, ఒక్కదానికీ తుప్పు లేదు. ఆయన కప్పు మీద అరిగిన అంచును బొటనవేలితో తడిమి, "ఎవడు చేశాడిది?" అన్నాడు. చెప్పాను. వారి భాషలో ఒక మాట అన్నాడు, అది ఇక్కడ రాయదగినది కాదు. సందుల్లో నూనె పోసి, సైకిలు తన దగ్గరే ఉంచుకుని, మళ్ళీ రమ్మన్నాడు.

మళ్ళీ వెళ్ళేసరికి ఆకురాయితో ఆ రెండు అంచులనూ తిరిగి చదునుగా, ఒకదానికొకటి సమాంతరంగా రాకి సిద్ధంగా ఉంచాడు. పానా ముట్టుకోనేలేదు. ఫ్రేమును కుడిపక్క కిందికి వచ్చేలా పడుకోబెట్టి, కప్పు అంచులను బల్లకు బిగించిన వైసు దవడల మధ్య పెట్టి గట్టిగా బిగించాడు. ఇప్పుడు కప్పు కదలదు, ఫ్రేమే పానా. నన్ను ముందు ఫోర్కు వైపు పట్టుకోమని, తాను వెనక వైపు పట్టుకుని, పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు దిక్కున ఇద్దరమూ కలిసి నెట్టాము. మొదట ఏమీ జరగలేదు. తరువాత ఎండిన కొమ్మ విరిగిన చప్పుడు వచ్చింది, గొట్టం విరిగిందేమోనని నా గుండె జారింది. ఆయన మాత్రం నవ్వి, ఫ్రేమును ఒక్క చేత్తో గిర్రున తిప్పేశాడు. గూట్లోని మరలను మర కోసే సరైన ట్యాపుతో శుభ్రం చేసి, సొరుగులోంచి పాతకాలపు వాడని కప్పు తీసి, మర పట్టు వదలకుండా ఉండే జిగురు రాసి బిగించాడు. కప్పుతో సహా 30 యూరోలు పుచ్చుకున్నాడు. పని తెలిసినవాడికి పొగరు ఉన్నా నాకు అభ్యంతరం లేదు, ఈయనకు మాత్రం అదీ లేదు.

తొక్కడం గురించి చెప్పవలసింది తక్కువ. కోమో సరస్సు ఒడ్డున ఉన్న వరెన్నా దాకా రైలులో, అక్కడి నుంచి ఫెర్రీలో బెల్లాజియో చేరి, ఘిసాల్లో కనుమ ఎక్కాను. 754 మీటర్ల ఎత్తున ఉన్న అక్కడి చిన్న చర్చిలోని మరియమాతను 1949లో పోప్ 12వ పయస్ సైకిలువాళ్ళ రక్షకురాలిగా ప్రకటించాడు. లోపల గోడలకు పాతకాలపు రేసు వీరులు కొప్పి, బార్తలి తొక్కిన సైకిళ్ళు వేలాడుతుంటాయి. సన్నని ఉక్కు ఫ్రేము రాళ్ళ మీద కూడా ఒంటిని అదరనివ్వదు, ఆ మాట నిజమే. గీరు మార్చడానికి చేయి కింది గొట్టం దాకా దించాలి, టకటకమని ఆగే మెట్లు లేని ఆ మీటను చెవితో వింటూ సర్దుకోవాలి, అది అలవాటవుతుంది. అలవాటు కానిది గీర్ల లెక్క. ముందు 42 పళ్ళు, వెనక 26 పళ్ళు, ఇంతకంటే తేలికైన గీరు ఈ డిరైలర్‌తో ఉండదు. నిట్టనిలువు మలుపుల్లో బూట్లు పెడల్ పట్టీలలో ఇరికించుకుని లేచి నిలబడి తొక్కడమే గతి.

ముఖ్యంగా 1987కు ముందటి సైకిళ్ళ కోసం జరిపే లెరోయికా అనే సైకిలు యాత్రకు వెళ్ళాలన్న కోరిక అక్కడే పుట్టింది. అక్కడ టస్కనీ మట్టిదారుల మీద ఎక్కుళ్ళు దీనికంటే మొరటుగా ఉంటాయి. వెనక పెద్ద పళ్ళ చక్రం పట్టే పొడుగు చేయి డిరైలర్ ఏదైనా దొరుకుతుందా అని ముసలాయనను అడిగాను. ఉందని, కాని నాకు అమ్మనని, ముందు కాళ్ళు గట్టిపరచుకుని రమ్మని చెప్పాడు. ఆయన సొరుగులో ఆ డబ్బా ఎక్కడుందో చూసి పెట్టుకున్నాను. ఎండాకాలం లోపు ఇంకోసారి అడుగుతాను.