ఒక డౌట్, పదకొండు ఈపులు

మూడేళ్ల కిందట రాత్రిపూట కూర్చుని ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ, అంటే ఎవరైనా చదివి, సరిచేసి పంపగలిగే రెడీమేడ్ కోడ్, చదివేవాణ్ని. 'స్త్రీ' అని ఇస్తే అది ఆరు అక్షరాలని లెక్క చెప్పేది. మన కంటికి అక్షరం ఒకటే. కంప్యూటర్లో ప్రతి గుర్తుకీ ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, ఆపైన గుడిదీర్ఘం, మొత్తం ఆరు. సరే, అడుగుదామని "ఐ హావ్ ఎ డౌట్ ఇన్ యువర్ కోడ్" అని రాశాను.

దాన్ని చూసుకునే ఆయన జర్మనీలో ఉంటాడు. "ఏ ఆధారంతో అనుమానిస్తున్నారు?" అని ఒక్క లైన్ జవాబు. అనుమానమేంటి? పాఠం అయ్యాక మా లెక్కల మాస్టారు "డౌట్లుంటే అడగండ్రా" అనేవారు. మనకు డౌట్ అంటే అడగాల్సిన మాట. ఆయనకేమో నమ్మకం లేకపోవడం.

సర్దిచెబుదామని ఇంకోటి రాశాను: "యూ టెల్ మీ హౌ టు ఫిక్స్." నా మనసులో ఉన్నది "ఎలా సరిచేయాలో మీరే చెప్పండి". మన మర్యాదంతా క్రియ చివర 'అండి'లో ఉంటుంది కదా, ఇంగ్లీషులోకి వెళ్లేసరికి అదే రాలిపోయింది. నేనేదో హుకుం జారీ చేసినట్టయింది.

చివరికి నేనే సరిచేసి పంపాను. పదకొండు కామెంట్లు వచ్చాయి, ప్రతిదాని ముందూ 'నిట్' అని. డిక్షనరీ తీస్తే పేను గుడ్డు అని ఉంది. అంటే ఈపి! నా కోడ్‌లో ఈపులు ఏరుతున్నాడా ఈయన? రాత్రంతా నిద్ర లేదు. ఘాటుగా ఒక జవాబు టైప్ చేసి కూడా ఉంచాను. పొద్దున ఆఫీసులో సీనియర్‌కి చూపిస్తే పడీ పడీ నవ్వాడు. "తమ్ముడూ, అది తిట్టు కాదు. చిన్న విషయం, మార్చకపోయినా పర్లేదని ముందే చెప్తున్నాడు" అన్నాడు. అంటే ఆ పదకొండు చోట్లా ఆయన మర్యాదే చూపించాడన్నమాట.

ఈ తంటా పాతదే. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో, లిఫ్టులో పాదరసం ఒలికిందని సరదాకి రాసిన మాటని కొందరు నిజమైన హెచ్చరిక అనుకున్నారు. జోక్‌కి గుర్తు ఉండాలని అక్కడి కంప్యూటర్ శాస్త్రవేత్త స్కాట్ ఫాల్‌మన్ కోలన్, గీత, బ్రాకెట్ కలిపి నవ్వు ముఖాన్ని సూచించింది ఆ గొడవ తర్వాతే. నాకైతే అదీ అచ్చిరాలేదు. "కోడ్‌కి టెస్టులు రాయడం మర్చిపోయారా?" అని ఒకరిని అడిగి పక్కన నవ్వు ముఖం పెడితే, "ఇందులో నవ్వడానికేముంది?" అన్నారు.

పోయిన నెల అదే లైబ్రరీలో ఎవరో కుర్రాడు "సర్, ఐ హావ్ వన్ డౌట్" అని మొదలుపెట్టాడు. అయ్యో, మళ్లీ మొదలు అనుకుని గబగబా కిందకి స్క్రోల్ చేశాను. నాకంటే ముందే ఆ జర్మనీ ఆయన జవాబిచ్చేశాడు: "చెప్పండి, మీ డౌట్ ఏమిటి?"