తలంటు కన్నా ఆరడమే పెద్ద పని

శనివారం

వారం మొదట్లో పట్టిన ముసురు ఈ తెల్లవారుజామున విడిచింది. మా వీధికి మంజీరా నీళ్లు వచ్చే వంతూ ఈ రోజే, నాకు సెలవూ ఈ రోజే. జటలు (డ్రెడ్‌లాక్స్) కట్టించుకున్న నా తలకు ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు. కాఫీ తాగగానే కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి, వేడినీళ్లలో వేశాను.

కుంకుడు రసాన్ని పాత నూలు చీర ముక్కను రెండు మడతలు వేసి వడకడతాను. పిప్పి నలుసు కూడా దిగకూడదు. మామూలు జుట్టులో నలుసు చిక్కుకుంటే దువ్వెనకు వచ్చేస్తుంది. జటలోకి దువ్వెన దూరదు. లోపలికి చేరినది వారాల తరబడి అక్కడే ఉండిపోతుంది. సీకాయ పొడిని నా తల దగ్గరికి రానివ్వనిది అందుకే. కుంకుడును మాత్రం వదులుకోను. సబ్బు బోరునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిస్తే తెల్లటి తెట్టు కడుతుంది. బకెట్ అంచున పేరుకునే ఆ తెట్టే జటల్లోనూ పేరుకుంటుంది. కుంకుడుకు నురగనిచ్చే సాపోనిన్లు అలా తెట్టు కట్టవు. ఏ రోజైనా బోరునీళ్లతోనే కానివ్వాల్సి వచ్చినా కుంకుడు ఉంటే నాకు ధైర్యం.

మాడును వేళ్ల కొసలతో రుద్దుతాను, గోళ్లు తగలనివ్వను. జటలను అసలు రుద్దను. రుద్దితే కుదుళ్లు వదులై, పైనున్న వెంట్రుకలు రేగిపోతాయి. పైనుంచి దిగే నురగను ఒక్కో జటలోకి పిడికిలితో పిండుతూ చివరిదాకా తెస్తాను. ఇవాళ మొదట పిండినప్పుడు బూడిదరంగు నీళ్లు కారాయి. మా ఆఫీసు దారిలో రోడ్డు తవ్వుతున్నారు, ముసురు పట్టక ముందు ఎగిరిన దుమ్మంతా ఇక్కడే దాక్కుంది. ఆ నీళ్లు తేటపడేదాకా, వేలికి జారుడు తగలకుండా పోయేదాకా చెంబు మీద చెంబు పోసుకున్నాను. తలంటుకు పట్టే సమయం కన్నా కడుక్కోవడానికి పట్టే సమయమే ఎక్కువ. అందులో తొందరపడితే మిగిలినదంతా దండగ.

జటలను ఎన్ని రోజులకొకసారి కడగాలి అని అడిగితే అందరూ ఒక అంకె చెబుతారు. వారం అంటారు, పది రోజులంటారు, నెల అంటారు. వాటిలో చాలా సలహాలు అమెరికాలోని, కరీబియన్ దీవుల్లోని నల్లజాతివాళ్లు తమ జుట్టు కోసం అనుభవంతో చెప్పుకున్నవి. వాళ్లకు ఎంతో రుణపడి ఉన్నాను, జటల సంరక్షణలో నాకు తెలిసినదంతా వాళ్ల దగ్గర నేర్చుకున్నదే. కానీ వాళ్ల జుట్టు బిగుతైన చుట్లు తిరిగి ఉంటుంది. మాడులో ఊరే జిడ్డు ఆ మలుపులన్నీ దాటి చివర్లకు చేరదు, కాబట్టి ఎండిపోకుండా కాపాడుకోవడం వాళ్లకు మొదటి చింత. నావి వదులు ఉంగరాలు, జిడ్డు మాడు, పైగా హైదరాబాద్ దుమ్ము. వంటసోడా నీళ్లలో జటలు నానబెట్టే పద్ధతినీ నేను పాటించను. మాడు కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది, పీహెచ్ దాదాపు 5. వంటసోడా నీళ్లది 8 దాటుతుంది, అంటే క్షారగుణం. కుంకుడుతో పోయే జిడ్డుకు అంత మొరటు వైద్యం అక్కర్లేదు.

నా లెక్క ఆరడంతో మొదలవుతుంది. వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం నీటిని పీల్చుకోగలదు. విడి జుట్టయితే గాలికి ఆ తడి పోతుంది. జటకు పైపొర ఆరిపోయాక కూడా నడుమ గంటల తరబడి తడి నిలిచే ఉంటుంది. అలాగే ముడిచేసుకుని పడుకుంటే, తడిబట్టను మడతపెట్టి పెట్టెలో పెట్టినట్టే. ముక్క వాసన పట్టుకుంటుంది, ఆ వాసన ఎంత కడిగినా ఓ పట్టాన వదలదు. కాబట్టి సాయంత్రంలోగా ఆరే రోజే నాకు తలంటు రోజు. వేసవిలో వారానికొకసారి కుదురుతుంది, వానాకాలంలో ఎండ చూపించిన రోజున. అంకెతో పని లేదు.

పాత నూలు టీషర్టుతో ఒక్కో జటనూ అదిమి డాబా ఎక్కాను. నూగు తువ్వాలు వాడితే దాని పోగులు జటల్లో దిగిపోతాయి. పక్కడాబా మీద వడియాలు పెడుతున్న పిన్నిగారు చాలాసేపు చూసి, “అమ్మాయ్, అది తడిపినా పాడవదా? అసలు కడుక్కోరనుకున్నానే” అన్నారు. కడుక్కుంటానని చెప్పి, దగ్గరికి వెళ్లి వాసన చూపించాను. “కుంకుడు వాసనే!” అని ఆశ్చర్యపోయారు.

పిన్నిగారు ప్రేమగా అడిగారు. అందరూ అలా అడగరు. 2010లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఒక నల్లజాతి యువతికి ఉద్యోగం ఇస్తామని చెప్పి, జటలు కత్తిరించుకోనన్నందుకు వెనక్కి తీసుకున్నారు. అలాంటి జుట్టు చిందరవందరగా తయారవుతుందన్నది వాళ్ల మాట. 2016లో అప్పీలు కోర్టు కూడా ఆమె పక్షాన నిలవలేదు. జుట్టును బట్టి వివక్ష చూపడాన్ని నిషేధిస్తూ కాలిఫోర్నియా 2019లో చట్టం చేసింది, రాష్ట్రాల్లో అదే మొదటిది. శుభ్రం లేదన్న అనుమానం ఒక మనిషి కూడు తీసేయగలదని తలచుకుంటే నాకు కడుపు మండుతుంది.

మన దగ్గర ఇంకో బాధ. ఆడపిల్ల జుట్టు దానంతటదే జడలు కడితే ఎల్లమ్మ పూనిందని, దాన్ని విప్పకూడదని, కత్తిరించకూడదని శాసించి, ఆ పిల్లను దేవతకు అర్పించి జోగినిని చేసిన పల్లెలు తెలంగాణలో ఉన్నాయి. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 1988లో చట్టం వచ్చింది. నా జటలు నేను కోరి కట్టించుకున్నవి, వద్దనుకున్న రోజున తీసేయగలిగినవి. ఆ పిల్లలకు ఆ వీలు లేకపోయింది. నా తలను నా ఇష్టప్రకారం నేను కడుక్కోవడం నాకు చిన్న విషయంగా ఎప్పుడూ అనిపించదు.

అమ్మ ఫోను చేసి సాంబ్రాణి పొగ పట్టమంది. పొగ జటల్లో వారం రోజులు నిలిచిపోతుంది కాబట్టి వద్దన్నాను. నూనె విషయంలో మాత్రం మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం: తలంటుకు గంట ముందు, మాడుకు మాత్రమే, వేలికొసలకు అంటినంత కొబ్బరినూనె. దీపావళికి నువ్వులనూనె.

నాలుగింటికి మబ్బు పట్టింది. కిందికి దిగి టేబుల్ ఫ్యాన్ ముందు కూర్చున్నాను. ఆరిందో లేదో చేతికి సరిగ్గా తెలియదు, జటను పై పెదవికి ఆనిస్తే తెలుస్తుంది. లోపల తడి ఉంటే చల్లగా తగులుతుంది. ఎనిమిదింటికి అన్నీ ఆరాయి, మెడ వెనకాల లావుపాటివి రెండు తప్ప. వాటిని విడిగా దిండు మీదికి తీసి పడుకుంటాను. సోమవారం నుంచి మళ్లీ వానలంటున్నారు. వచ్చే శనివారం ఎండ రాకపోతే తలంటు జోలికి పోకుండా, తడిగుడ్డతో మాడు తుడుచుకుని ఊరుకుంటాను.