బెల్‌ఫాస్ట్‌లో బ్రిటిష్ పౌరసత్వం: నా అనుభవం

మా బంధువుల లెక్కలో నేను లండన్‌లో ఉంటాను. నేనుండేది బెల్‌ఫాస్ట్‌లో, అంటే ఉత్తర ఐర్లండ్‌లో. లండన్ వెళ్ళాలంటే మధ్యలో సముద్రం దాటాలి, విమానంలో గంట పైనే పడుతుంది. అయినా లండన్‌లో ఏదో గొడవ అని టీవీలో వస్తే చాలు, మా పెద్దమ్మ ఫోన్ చేసి "రెండు రోజులు బయటికి వెళ్ళకు నాన్నా" అంటుంది. "టైటానిక్ ఓడ కట్టిన ఊరు పెద్దమ్మా ఇది" అని చెప్పాక ఊరి పేరు గుర్తుండిపోయింది. లండన్ మాత్రం పోలేదు.

ఇక్కడి వాళ్ళూ తక్కువేం కాదు. మాది హైదరాబాద్ వైపు అని చెబితే (కూనవరం అని చెప్పి లాభం లేదు కదా) "పాకిస్తాన్‌లోదా?" అని అడిగినవాళ్ళున్నారు. సింధ్‌లో ఒక హైదరాబాద్ ఉన్న మాట నిజమే కాబట్టి వాళ్ళని పూర్తిగా తప్పుపట్టలేం. మీరంతా హిందూ భాష మాట్లాడతారా అని ఒకాయన చాలా మర్యాదగా అడిగాడు. మ్యాపు తెలియకపోతే నాకేం బాధ లేదు. ఎదుటి మనిషిని అడక్కుండా అతని దేశం పేరు మనమే తేల్చి చెప్పడం దగ్గరే చిక్కంతా వస్తుంది. బ్రిటిష్ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు ఆ చిక్కు ఎంత లోతో తెలిసింది.

అసలు ఎందుకు పెట్టుకున్నానంటే, దేశభక్తి మారి కాదు, డబ్లిన్ వెళ్ళడానికి. బెల్‌ఫాస్ట్ నుంచి డబ్లిన్‌కి కారులో రెండు గంటలు. దారిలో చెక్‌పోస్టు లేదు, పోలీసు లేడు. సరిహద్దు దాటామని తెలిసేది రోడ్డు అంచున పసుపు గీత కనబడినప్పుడు, స్పీడ్ బోర్డుల మీద మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చినప్పుడు. కానీ అటువైపు ఉన్నది ఐర్లండ్ అనే వేరే దేశం, ఇటువైపు మాది యూకేలో భాగం. బ్రిటిష్ వాళ్ళకీ ఐరిష్ వాళ్ళకీ మధ్య కామన్ ట్రావెల్ ఏరియా అనే ఒప్పందం ఉంది, వాళ్ళకి వీసా అక్కర్లేదు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాడికి, యూకేలో శాశ్వత నివాసం ఉన్నా సరే, ఐరిష్ వీసా కావాలి. ఒకసారి వెళ్ళొచ్చే దానికి 60 యూరోలు, ప్లస్ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆఫీసు లెటరు, ఎదురుచూపు. ఆదివారం బీచ్‌కి వెళ్దామని శనివారం అనుకుని బయల్దేరే వీలు లేదు. దాటకుండా ఆపేవాడు లేడు కదా అని వెళ్ళేవాళ్ళున్నారు. దొరికితే వీసా రికార్డు పాడవుతుంది, నేనైతే ఎవరికీ ఆ సలహా ఇవ్వను.

ఇంకో తమాషా. ఇక్కడందరూ అటు దేశాన్ని 'సౌత్' అంటారు. కానీ ఈ దీవికి ఉత్తర కొస అయిన మాలిన్ హెడ్ ఆ 'సౌత్'లోనే, డొనెగల్ కౌంటీలో ఉంది. అంటే ఉత్తర ఐర్లండ్ కంటే ఉత్తరాన దక్షిణం ఉంది. ఈ ముక్క మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇంగ్లండ్ కుర్రాడికి కూడా తెలియదు. బయటివాళ్ళ సంగతి సరే, ఒకే రాజు కింద ఉన్నవాళ్ళ పరిస్థితీ అంతే.

ప్రాసెస్ విషయానికొస్తే, నాకు పని వీసా మీద ఐదేళ్ళు గడిచాక ఐఎల్ఆర్, అంటే శాశ్వత నివాసం వచ్చింది. అది వచ్చిన ఏడాదికి పౌరసత్వానికి అర్హత. ఇంగ్లిష్ సంగతి, 'లైఫ్ ఇన్ ది యూకే' పరీక్ష ఐఎల్ఆర్ అప్పుడే అయిపోతాయి, మళ్ళీ రాయక్కర్లేదు. పరీక్ష 24 ప్రశ్నలు, 45 నిమిషాలు, 18 సరిగ్గా రాస్తే పాస్, ఫీజు 50 పౌండ్లు. పుస్తకం రెండుసార్లు చదివితే చాలు. అందులో మొదట్లోనే ఉంటుంది: గ్రేట్ బ్రిటన్ అంటే ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ మాత్రమే, ఉత్తర ఐర్లండ్ అందులో లేదు, నాలుగూ కలిస్తే యునైటెడ్ కింగ్‌డమ్. అంటే నేను బ్రిటన్‌లో ఉండకుండానే బ్రిటిష్ పౌరుణ్ణి కాబోతున్నానన్న మాట. ఐల్ ఆఫ్ మ్యాన్ అనే దీవి యూకేలో భాగం కాదని కూడా ఆ పుస్తకమే చెబుతుంది. తీరా 1981 నాటి జాతీయత చట్టం చూస్తే, పౌరసత్వం లెక్కల్లో యూకే అంటే ఆ దీవి కూడా కలిపే!

ఈ లెక్క ఎందుకు ముఖ్యమంటే, దరఖాస్తులో ఐదేళ్ళలో యూకే బయట ఎన్ని రోజులున్నామో రాయాలి. మొత్తం 450 రోజులు, చివరి ఏడాదిలో 90 రోజులు దాటకూడదు. ఇండియా ప్రయాణాలకి పాస్‌పోర్టులో ముద్రలున్నాయి. వీసా తీసుకుని డబ్లిన్ వెళ్ళొచ్చిన వాటికి ముద్రలెక్కడివి? సరిహద్దులో మనిషే లేడు. అవి కూడా యూకే బయటి రోజులే. హోటల్ బుకింగులు, ద్రోహెడా దగ్గర కట్టిన టోల్, ఫోన్‌లో ఫొటోల తేదీలు తీసి పట్టిక తయారుచేసుకున్నాను. వెళ్ళిన రోజు, వచ్చిన రోజు లెక్కలోకి రావు, మధ్యలో పూర్తిగా బయట ఉన్న రోజులే వస్తాయి. మీరు ఈ దారిలో ఉంటే మొదటి రోజు నుంచే ఎక్సెల్‌లో రాసి పెట్టుకోండి. ఐదేళ్ళ తర్వాత గుర్తు చేసుకోవడం నరకం.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది సాక్షుల వ్యవహారం. మనల్ని మూడేళ్ళుగా ఎరిగిన ఇద్దరు సంతకం పెట్టాలి. ఒకరు టీచరో అకౌంటెంటో అలాంటి వృత్తిలో ఉన్నవాళ్ళయితే చాలు, ఏ దేశస్థులైనా ఫరవాలేదు. రెండోవాళ్ళ దగ్గర మాత్రం బ్రిటిష్ పాస్‌పోర్టు ఉండాలి. ఇందులో కష్టమేముంది, ఊరంతా బ్రిటిష్ వాళ్ళే కదా అనిపిస్తుంది. లండన్‌లో అయితే అంతే. బెల్‌ఫాస్ట్‌లో అలా కాదు.

మా పక్క డెస్క్ మిత్రుడు ఇక్కడే పుట్టి పెరిగాడు. అడిగితే నవ్వి, "నా దగ్గరున్నది ఐరిష్ పాస్‌పోర్టు ఒక్కటే" అన్నాడు. మా ఎదురింటి టీచరమ్మ కూడా అంతే. ఈవిడకి బ్రిటిష్ పాస్‌పోర్టు ఎప్పుడూ లేదు, తీసుకునే ఉద్దేశమూ లేదు. 1998 ఏప్రిల్ 10న కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందం ప్రకారం ఇక్కడ పుట్టినవాళ్ళు తమని ఐరిష్ అనుకోవచ్చు, బ్రిటిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు. అది వాళ్ళ జన్మహక్కు. 2021 జనాభా లెక్కల్లో తాము బ్రిటిష్ మాత్రమే అని చెప్పినవాళ్ళు 31.9 శాతం, ఐరిష్ మాత్రమే అన్నవాళ్ళు 29.1 శాతం, 'నార్తర్న్ ఐరిష్' మాత్రమే అన్నవాళ్ళు 19.8 శాతం. మిగతావాళ్ళలో రకరకాల కలగలుపులు, నాలాంటి బయటివాళ్ళు. సగానికి పైగా ఒప్పుకునే పేరు ఒక్కటీ లేదు.

అయితే చట్టం మాట వేరు. ఎమ్మా డిసౌజా కేసు ఇక్కడ అందరికీ తెలుసు. ఉత్తర ఐర్లండ్‌లో పుట్టిన ఆవిడ తనను ఐరిష్‌గానే భావించుకుంది. అమెరికన్ భర్తకి నివాస పత్రం కోసం ఐరిష్ పౌరురాలి హోదాలో దరఖాస్తు పెడితే, మీరు పుట్టుకతో బ్రిటిష్ కాబట్టి బ్రిటిష్ పౌరురాలిగానే పెట్టుకోండి, లేదంటే ఆ పౌరసత్వం వదులుకోండి అన్నారు. తనది కానే కాదనుకున్నదాన్ని, డబ్బు కట్టి వదులుకోవాలట! 2019లో ట్రిబ్యునల్ ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. ఆ గొడవంతా అయ్యాక 2020లో ఇమ్మిగ్రేషన్ రూల్స్ మార్చారు. నా దృష్టిలో ఆవిడ చేసింది మొండితనం కాదు. మనల్నెవరైనా ఇలా అడిగితే తెలిసేది.

చివరికి టీచరమ్మ మొదటి సాక్షిగా సంతకం పెట్టింది. రెండో సంతకం మా ఆఫీసులో రిటైరవబోతున్న ఒక పెద్దాయన పెట్టాడు. ఈయన నూటికి నూరుపాళ్ళు బ్రిటిష్. బ్రిటన్ పక్షపు ప్రొటెస్టంట్లు ఏటా చేసే జూలై 12 ఊరేగింపులకి ఒక్క ఏడూ తప్పడు. ఒకే ఫారం మీద ఆ ఇద్దరి సంతకాలూ పక్కపక్కన పడటం మా ఆఫీసులో కొన్నాళ్ళు జోకు.

వీళ్ళ సంగతి మా బావమరిదికి ఫోన్‌లో చెబితే బుర్ర తిరిగిందన్నాడు. క్రికెట్‌తో చెప్పాను. 2011 ప్రపంచ కప్పులో బెంగళూరులో ఇంగ్లండ్‌ని ఓడించిన ఐర్లండ్ జట్టు ఉంది చూడు, అది రెండు దేశాల ఉమ్మడి జట్టు. అందులో ఆడిన పాల్ స్టిర్లింగ్ మా బెల్‌ఫాస్ట్‌వాడు, అంటే యూకేవాడు. 2019లో ఇంగ్లండ్‌కి కప్పు గెలిచిపెట్టిన కెప్టెన్ ఓయిన్ మోర్గాన్ ఏమో డబ్లిన్‌వాడు. "అయితే ఇంతకీ నువ్వుండేది ఏ జట్టు దేశం?" అన్నాడు మా వాడు. మంచి ప్రశ్నే. రగ్బీకీ క్రికెట్‌కీ ఒక జట్టు, ఫుట్‌బాల్‌కి వేరే జట్టు.

వేళ్ళ ముద్రలు, ఫొటో, పదహారు వందల పౌండ్ల పైన ఫీజు అయ్యాక ఇక ఎదురుచూడటమే. కొన్ని నెలలకి ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత పౌరసత్వ వేడుక. కింగ్ చార్లెస్‌కీ ఆయన వారసులకీ విధేయంగా ఉంటానని అందరితో కలిసి పలకాలి. దేవుడి మీద ప్రమాణమా, దేవుడి పేరు లేని ప్రకటనా అన్నది మనిష్టం. ఆ సాయంత్రం మా పక్క డెస్క్ మిత్రుడి మెసేజ్: "నేను పుట్టుకతో తప్పించుకోలేకపోయినదాన్ని నువ్వు డబ్బిచ్చి కొనుక్కున్నావు. శుభాకాంక్షలు."

ఇక రెండో భాగం ఇండియా వైపుది. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం, వేరే దేశ పౌరసత్వం కోరి తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. ద్వంద్వ పౌరసత్వం మనకి లేదు. ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేసి, ఆ సర్టిఫికెట్ తీసుకుని, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకి పెట్టుకోవాలి. బెల్‌ఫాస్ట్‌లో భారత కాన్సులేట్ 2025 మార్చిలో తెరిచారు. అంతకుముందు మేం ఎడిన్‌బరో కాన్సులేట్ కిందికి వచ్చేవాళ్ళం. ఓసీఐ పేరులో 'సిటిజన్' అని ఉంటుంది గానీ అది పౌరసత్వం కాదు: ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనే వీల్లేదు. ఊళ్ళో చాలామంది రెండు పాస్‌పోర్టులు ఉన్నట్టే అనుకుంటారు. కాదు.

పుట్టిన ఊరు దగ్గర నాకు పాత పేచీ ఉంది. అంతకుముందు పాస్‌పోర్టు రెన్యువల్ చేసుకున్నప్పుడే తగిలింది. మాది శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. మా నాన్న పుట్టేనాటికి మా ఊరు తూర్పు గోదావరి జిల్లా. 1959లో భద్రాచలం ప్రాంతాన్ని ఖమ్మంలో కలిపారు, నేను పుట్టింది ఖమ్మం జిల్లాలో. తెలంగాణ ఏర్పడటానికి నాలుగు రోజుల ముందు, 2014 మే 29న, పోలవరం కోసం ఆర్డినెన్సు తెచ్చి మా మండలాన్ని ఆంధ్రప్రదేశ్‌లో ఉంచారు. మళ్ళీ తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా, ఆ తర్వాత పోలవరం జిల్లా. ఇల్లు మాత్రం అక్కడే ఉంది. ఆన్‌లైన్ ఫారంలో రాష్ట్రం ఎంచుకుంటేనే జిల్లాల జాబితా వస్తుంది. ఆంధ్రప్రదేశ్ అంటే అందులో ఖమ్మం లేదు. ఖమ్మం కావాలంటే తెలంగాణ అనాలి, అక్కడ మా ఊరు లేదు. జనన ధ్రువపత్రంలో రెండూ కలిసి ఉన్నాయి. అప్పటికున్న జిల్లా పెట్టి, పాత జిల్లా సంగతి వేరే కాగితం మీద రాసి జతచేశాను, ఒప్పుకున్నారు. ఓసీఐకీ ఆ కాగితం నకలే వాడాను. ఈ కథ మా టీచరమ్మకి చెబితే ఆవిడ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మామూలు విషయం విన్నట్టు తలూపింది.

ఇప్పుడు మా ఇంట్లో లెక్క ఇది. నేను బ్రిటిష్. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది; అప్పటికే మేం ఈ దీవిలో పని వీసా మీద మూడేళ్ళకు పైగా ఉన్నాం కాబట్టి ఐరిష్ పౌరసత్వం పుట్టుకతోనే వచ్చింది, బ్రిటిష్ పౌరసత్వానికి తర్వాత రిజిస్టర్ చేయించాం. మా ఆవిడ ఇండియన్ పాస్‌పోర్టు వదలనంది. అమ్మానాన్నల పొలం, ఓటు, ఇంకా తన కారణాలు తనకున్నాయి, నేను వాదించలేదు. కాబట్టి మాలిన్ హెడ్ చూడటానికి నాకూ పిల్లకీ ఏ కాగితమూ అక్కర్లేదు గానీ, మా ఆవిడకి మాత్రం వీసా కావాలి. ఈసారి 100 యూరోలు కట్టి మల్టిపుల్ ఎంట్రీ పెడుతున్నాం. ఫొటోలు ఇంకా దిగలేదు.