తలుపు చప్పుడు

"వచ్చామని వాటికి చెప్పేశావుగా" అన్నాడు ర్యాంచ్ పెద్దాయన. కయోటీల (నక్కని పోలిన అమెరికా అడవి జంతువుల) వేటకి పోయి, ట్రక్కు తలుపు మామూలుగా వేసినందుకు. కేకలేసినా బాగుండేది. గుసగుసగా అని, మళ్ళీ బండి తీసి మైలు అవతలికి పోనిచ్చాడు. ఆ మాటు పోయినట్టే లెక్క. లాగి కొడితేగానీ పడని జీపు తలుపులతో, అంబాసిడర్ తలుపులతో పెరిగిన చేతులు మనవి. ఆయనకేం తెలుసు?

ఆయన ప్రకారం తలుపుని నడుముతో ఆనించి మొదటి క్లిక్ దాకా నొక్కి ఊరుకోవాలి. రిమోట్‌తో లాక్ చేస్తే కీంక్‌మంటుంది కాబట్టి చెయ్యకూడదు. తాళాల గుత్తి బండిలోనే ఉండాలి. గేటు గొలుసు గలగలమనకుండా గుప్పిట్లో పట్టుకుని దించాలి. గేటు మూసి ఉంటే మళ్ళీ మూయాలి, తీసి ఉంటే తీసే ఉంచాలి. బండిని గుట్ట వెనక పల్లంలో ఆపి నడవాలి. గుట్ట నెత్తిమీద నుంచి దాటితే ఆకాశం మీద బొమ్మలా కనబడతాం, అంచు కిందుగా చుట్టి పోవాలి.

ఇది టెక్సస్‌లో శాన్ ఆంజెలో వైపు, గొర్రెలకీ మేకలకీ పేరున్న ప్రాంతం. కోస్తాలో వేటమాంసం అంటే మేకే కదా. ఇక్కడ ఆ వేట కోసం వేట. ఈనిన మందలో పిల్లల్ని కయోటీలు ఎత్తుకుపోతాయి. టెక్సస్‌లో వీటికి సీజనూ లేదు, ఇన్నే చంపాలన్న లెక్కా లేదు. మందమీద పడుతున్న కయోటీని కొట్టడానికి లైసెన్స్ కూడా అక్కర్లేదు. మనవాళ్ళు బోల్తాపడేది ఇక్కడే. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ ముట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అమెరికాలో ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటే మినహాయింపు ఉంది. అంటే పెద్దాయనకి అక్కర్లేని కాగితం మన జేబులో ఉండితీరాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు కూడా తప్పదు.

ఇక గాలి. పసిగట్టడం అన్న మాట కయోటీని చూసే పుట్టిందా అనిపిస్తుంది. దాన్ని రప్పించడానికి మనం వినిపించే కూత వైపు అది తిన్నగా రాదు, చుట్టూ తిరిగి గాలివాలుకి చేరి వాసన చూస్తుంది. కాబట్టి పౌడరు కాస్త చల్లి గాలి చూసుకోవాలి. గాలి ఎడమ నుంచి కుడికి వీస్తోందనుకోండి. కూతలు వినిపించే బ్యాటరీ పెట్టెని ఎడమ పక్కగా ముందుకి ఓ 40 గజాల దూరంలో పెట్టి, కుడి పక్క మైదానం బాగా కనబడేట్టు కూర్చోవాలి. అది పెట్టె కోసం చుట్టు తిరుగుతూ మన ముందునుంచే పోతుంది. మన వాసన అందే గీత దాటేలోపే కొట్టాలి. ఇద్దరుంటే షాట్‌గన్ (చిన్న గుళ్ళు చిమ్మే తుపాకీ) మనిషి కుడి వైపు కూర్చోవాలి. షాట్‌గన్ 40 గజాలకి మించి నమ్మకూడదు. రైఫిల్‌కి .223 రకం తూటా, 55 గ్రెయిన్ల (సుమారు మూడున్నర గ్రాముల) బరువున్న గుండు చాలు. గురి 200 గజాలకి సరిచేసుకుంటే మధ్యలో లెక్కలు వెయ్యనక్కర్లేదు.

వీపుకి పొద, వీపు వెనకే సూర్యుడు. మొదటి నిమిషం ఆపదలో చిక్కిన కుందేలు అరుపు సన్నగా పెట్టాలి, దగ్గర్లో పడుకున్నది బెదిరిపోకుండా. తర్వాతే పెంచాలి. పావుగంట, ఇరవై నిమిషాలు కదలకూడదు. జనవరి, ఫిబ్రవరి జతకట్టే కాలం, అప్పుడు కుందేలు కంటే ఊళ బాగా పనిచేస్తుంది. నోటితో ఊదే పీక అయితే చలికి లోపలి తడి గడ్డకట్టి మూగబోతుంది, చొక్కా లోపలి జేబులో వెచ్చగా ఉంచుకోవాలి. కయోటీ పరుగున వస్తుంటే నోటితో "వఫ్" అంటే క్షణం ఆగుతుంది, ఆ క్షణమే మనది. కొట్టాక లేవకూడదు. వెంటనే కయోటీ పిల్ల అరుపు పెడితే రెండోది తిరిగి రావచ్చు. ప్రతి శనివారం అదే కుందేలు అరుపు వినిపించారో, వాటికి మనమే పాఠం చెప్పినట్టు.

ఈ విద్యకి ఇక్కడ పత్రికలు, పోటీలు, వందల డాలర్ల పెట్టెలు. మన నక్కలవాళ్ళు బ్యాటరీ లేకుండా, ఉత్త గొంతుతో ఊళ వేసి నక్కని వలదాకా రప్పించేవారు. పూసలు, నక్కకొమ్ము అమ్ముకోవడానికి ఊళ్ళోకొస్తే వాళ్ళని అరుగు కూడా ఎక్కనిచ్చేవాళ్ళం కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ వేట నేరమైంది. సరే, నక్కకి అదే మంచిది. కానీ పెద్దాయన తన విద్య గురించి చెబుతుంటే మాత్రం, మా దగ్గరా ఉండేది అని నోటిదాకా వస్తుంది.

చచ్చినదాన్ని గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. ఒళ్ళు చల్లబడగానే గోమార్లు, పిడుదులు దిగి దగ్గరున్న మనిషికి ఎక్కుతాయి. బొచ్చు ఊడి చర్మం పొలుసులు కట్టి ఉంటే గజ్జి. దాన్ని బండిలో వేసుకోవద్దు.

పొద్దుగుంకాక మిగిలినవి కూస్తాయి. రెండు కూసినా పది కూసినట్టే ఉంటుంది, చెరువుగట్టు నక్కల్లాగే. అప్పటికి తుపాకీ ఖాళీ చేసి సంచిలో పెట్టేశాం, ఇక ఎంత చప్పుడైనా పర్వాలేదు. అయినా పెద్దాయన తలుపుని నడుముతోనే నొక్కుతాడు.